గోడచెవి ముఖం

ముఖం లేని బొమ్మ చేతికొచ్చిన రోజునే ఇసోకిచి దాన్ని వెనక్కి పంపేసి ఉంటే ఈ రాద్ధాంతం ఉండేది కాదు. పంపలేదు. పనిమంతుడినన్న పొగరు అడ్డమొచ్చింది.

ఎడో నగరంలో కందా పేటలో అచ్చుపలకలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. అయినా తలలు చెక్కించుకోవాలంటే ఇసోకిచి గుమ్మంలోకే వచ్చేవాళ్లు. మిగతావాళ్లు బట్టల మడతలూ ఆకులూ ఇంటి కప్పులూ చెక్కుకునేవాళ్లు. కళ్లు, ముక్కు, పెదవి, నుదుటి మీద వెంట్రుకలు ఇతని వంతు. వెంట్రుకలను చిత్రకారుడు ఎప్పుడూ పూర్తిగా గీయడు. తల చుట్టూ ఒక గీత లాగి వదిలేస్తాడు. వెంట్రుకకు వెంట్రుక విడదీయడం చెక్కేవాడి పని. అది ఆ వృత్తిలో పాత మర్యాద. అంతేగాని ముఖానికి ముఖమే వదిలేసిన చిత్రకారుడు అంతవరకూ ఎవడూ లేడు.

"రంకే గురువుగారికి కుడిచెయ్యి పడిపోయింది," అన్నాడు జింబేయి, గుమ్మంలో చతికిలబడి విసనకర్రతో మెడ విసురుకుంటూ. జింబేయి పుస్తకాలు వేయించి అమ్మే ఆసామి. దయ్యాలనూ భూతాలనూ పుటకొకటి చొప్పున బొమ్మ గీయించి, పక్కన దాని పేరూ, ఉండే చోటూ, చేసే ఆగడమూ రాయించి ఇప్పటికి రెండు భాగాలు తెచ్చాడు. జనం ఎగబడ్డారు. ఎండలు ముదిరేలోగా మూడోది రావాలని అతని ఆత్రం. "ఇదొక్కటే మిగిలింది. ఒళ్లు గీశారు, గోడ గీశారు, పేరు రాశారు. ముఖం దగ్గరికొచ్చేసరికి కుంచె చేతిలోంచి జారిపోయిందట. నువ్వు పెట్టెయ్."

"ముఖం నేను పెట్టడమేమిటండీ!"

"జుట్టు పెడుతున్నావు కదా? రెండు వేళ్లు కిందికి దిగు, ముఖమే."

ఇసోకిచి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పక్కపక్కనే రెండు ఇరుకిళ్లు, మధ్యలో పలచటి మట్టిగోడ. ఆ గోడ లోపల ఒక ఆకారం అప్పడంలా నొక్కుకుపోయి ఉంది. చెవి చేటంత. చెవిని ఒక ఇంటి వైపు ఆనించి, మెడను రెండో ఇంటి వైపు మెలితిప్పింది. పక్కన గురువుగారి చేతిరాత: 'గోడచెవి. ఇరుకిళ్ల గోడల్లో కాపురముంటుంది. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో కక్కుతుంది.'

"ఇది ఏ ఊరి దయ్యమండీ? నేనెప్పుడూ వినలేదే."

"అచ్చు వేశాక వింటావులే," అని జింబేయి గొంతు తగ్గించాడు. "పుస్తకానికి ఒక పుట తక్కువైంది. గురువుగారు కల్పించారు. బయట అనకు."

ఇసోకిచి నవ్వుకున్నాడు. కాగితం తీసి లోపల పెట్టుకున్నాడు. అప్పటికి అతని మనసులో ఎవరి ముఖమూ లేదు.

ఇసోకిచి ఉండేది వరసిళ్లలో. పది వాటాలకు కలిపి ఒక బావి, ఒక వాడపెద్ద. ఒక పక్క గోడకవతల పీపాలు చేసే యసుకె, రెండో పక్క గోడకవతల ఒతోసె. ఒతోసెకు యాభై దాటాయి, మొగుడు పోయి చాలాకాలమైంది. కుట్లు విప్పిన కిమొనో ముక్కలను ఉతికి, గంజి పట్టించి, నిలువెత్తు చెక్కల మీద ముడత లేకుండా పరిచి ఎండబెట్టడం ఆమె బతుకుతెరువు. గంజి కాయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. బొమ్మ కాగితాన్ని పలకకు అతికించడానికి ఇసోకిచికి జిగురు కావాలి. అతను కాస్తే ఉండలు కడుతుంది. అందుకని సాయంత్రం పూట ఒక చిప్పలో ఆమే జిగురు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. పొద్దున్నే ఉలి మీద సుత్తి పడగానే గంజి పూసే కుంచె కర్రతో గోడ మీద టకటకా కొట్టేదీ ఆమే.

ఆ పొద్దున కూడా కొట్టింది. ఎండలకు ముందు పట్టే ముసురు ఇంకా వదలక, పరిచిన బట్ట ఆరక, ఆమె ఒళ్లు మండి ఉంది.

"ఒరేయ్ ఇసోకిచీ! సూర్యుడు ఇంకా ముఖం కడుక్కోలేదురా. ఆపు ఆ కొట్టుడు!"

"పని నాది పిన్నీ. చెవులు నీవి. మూసుకో!"

"మూసుకోక ఏం చేస్తాను. నీ పెళ్లాం ఊరికే పోయిందా? ఆ చప్పుడు పడలేకే పోయింది మహాతల్లి!"

ఇసోకిచి సుత్తి ఆగిపోయింది. భార్య పోయి మూడేళ్లు. చివరి వారం రోజులూ ఆమె చప్పుడు చేయొద్దంటే ఇతను పని తొందరని వినలేదు. ఆ సంగతి గోడకవతల ఉన్న ఒతోసెకు తెలుసు. తెలిసీ అంది. మాట జారాక ఆమె కూడా అవతల కిక్కురుమనలేదు. కానీ ఇతనికి అదంతా ఆలోచించే ఓపిక ఎక్కడిది? కుంచె తీశాడు. గోడచెవి మెడ మీద ఖాళీగా ఉన్న చోట ఒతోసెను దింపాడు. ముక్కు మొదట్లో ముడత, పైకి లేచిన పెదవి, దాని కిందినుంచి తొంగిచూసే ఒంటి పొడుగు పన్ను, సూదిలాంటి గడ్డం. పదిహేనేళ్లుగా చూస్తున్న ముఖం, చేతికి ఇట్టే వచ్చేసింది.

తర్వాత ఆమె జిగురుతోనే ఆ కాగితాన్ని చెర్రీ పలక మీద బోర్లా అతికించాడు. వెనకవైపు నూనె రాస్తే గీతలు తేలాయి. వాటి వెంబడి ఉలి నడిపాడు. ఈ పనిలో చెక్కేకొద్దీ కాగితం పొట్టుగా లేచిపోతుంది. చివరికి పలక తప్ప ఏమీ మిగలదు. రంకే గురువు ఏది గీశాడో, ఏది గీయలేదో చెప్పడానికి ఇక సాక్ష్యం లేదు. పలక జింబేయికి ఇచ్చేనాటికి ఇసోకిచి కోపం చల్లారింది. చల్లారిన చోట చిన్న దిగులు మొదలైంది. యాభై దయ్యాల్లో ఒక దయ్యం, ఎవరు చూడొచ్చారు అని దాన్ని అణచుకున్నాడు.

అందరూ చూశారు. వేసవిలో పుస్తకం వచ్చింది. వరసిళ్లలో పుస్తకాలు కొనేంతటివాళ్లు ఎవరున్నారు? వీపున మూట కట్టుకుని పుస్తకాలు అద్దెకిచ్చే మనిషి పట్టుకొచ్చాడు. బావి దగ్గర ఆడవాళ్లు పుటలు తిప్పుతూ గోడచెవి దగ్గర ఆగారు. ముందు ఒకరినొకరు గిల్లుకున్నారు, తర్వాత పగలబడి నవ్వారు. ఒతోసె కూడా చూసి, "ఈ ముండమొహంది ఎవరో గాని నా పన్ను ఎత్తుకుపోయింది!" అని తనే నవ్వింది. అంతటితో పోయేదే.

కానీ అదే వారంలో యసుకె సంగతి బయటపడింది. పీపాల యసుకె కుస్తీ వస్తాదులా ఉంటాడు. ఊళ్లో ఎవడికీ జంకడు. అలాంటివాడు ఉరిమితే చాలు దోమతెరలోకి దూరి, పెళ్లాం చెయ్యి పట్టుకుని "కువాబరా, కువాబరా" అని పిడుగు మంత్రం జపిస్తూ ఏడుస్తాడని పేటంతా పాకింది. మంగలి దుకాణంలో అతన్ని చూసి ఎవడో నోటితో ఉరిమాడు. యసుకె ముఖం కందగడ్డ అయింది.

"నా ఇంట్లో మాట బయటికి ఎలా పొక్కింది?" అని బావి దగ్గర గర్జించాడు.

"ఇంకెలా? గోడచెవి," అంది ఎవరో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఒతోసె గోడ వీడి గోడ కాదు కదే," అందొక ఇల్లాలు.

"అది గోడల్లోంచి నడుస్తుందమ్మా. పుస్తకంలో రాయలేదూ?"

పుస్తకంలో అలా రాయలేదు. ఇసోకిచి అక్కడే చేద లాగుతున్నాడు. ఆ మాట అనొచ్చు. అంతకంటే పెద్ద మాట కూడా అనొచ్చు. ఎందుకంటే యసుకె దోమతెర సంగతి గోడకు చెవి పెట్టి విన్నది తనే, స్నానాల ఇంట్లో వేడినీళ్లలో కూర్చుని పదిమందిని నవ్వించడానికి చెప్పిందీ తనే. తాడు చేతిలో జారి చేద మళ్లీ నీళ్లలో పడింది. అతను మళ్లీ లాగడం మొదలుపెట్టాడు.

అక్కడినుంచి అతనికి కుదురు పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. కనురెప్ప చెక్కుతుంటే ఉలి పక్కకు పోయి రెండు పలకలు పాడయ్యాయి. వీధిలోకి వెళ్లి సోబా సేమియా తిందామని కూర్చుని, గిన్నె సగంలో వదిలేసి లేచొచ్చాడు. ఒతోసె చెక్కలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. వర్తకుల ఇళ్లనుంచి వచ్చే పనిమనుషులు ఇప్పుడు పక్క వీధికి పోతున్నారు. దయ్యం పుస్తకంలో ఉన్న మనిషి చేతి గంజి ఒంటికి తగలడం ఎవరికీ ఇష్టం లేదు. పిల్లలు ఆమె గుమ్మం ముందు చెవులు పట్టుకుని గెంతేవాళ్లు. ఆమె చీపురు ఎత్తేది. ఒకరోజు ఎత్తబోయి దించేసి తలుపు మూసుకుంది.

వాడపెద్ద గొహేయి చెడ్డవాడు కాదు. గొడవంటే భయమున్న మనిషి. "బోన్ పండుగకు పోయిన పెద్దల్ని పిలుచుకో, సాగనంపు. ఆ తర్వాత నువ్వు కూడా ఇంకో చోటు చూసుకో ఒతోసె గారూ. పది కాపురాల మాట కాదనలేను," అన్నాడు.

ఆ మర్నాడు ఒతోసె ఇసోకిచి గుమ్మంలో నిలబడింది. పెట్టెలోంచి తీసిన మంచి కిమొనో కట్టుకుంది.

"ఆ బొమ్మలాయన ఇల్లు నీకు తెలుసు కదూ? నన్ను తీసుకెళ్లు."

ఇసోకిచి ఉలి కింద పెట్టాడు. "ఆయన జబ్బుమనిషి పిన్నీ..."

"నేను కొట్టడానికి రావట్లేదురా. నా ముఖం నాకు ఇచ్చెయ్యమని అడుగుతాను, అంతే. పద."

యుషిమా గుట్ట దాకా ఎండలో నడిచారు. ఆమె మూడడుగులు వెనక నడుస్తూ దారంతా మాట్లాడింది, ఇతను దారంతా ఊ కొట్టాడు. ఎక్కడ ఏ సందులో వెనక్కి తిరిగి చెప్పేద్దామా అని చూశాడు. ప్రతి సందూ దాటిపోయింది.

రంకే గురువు పడక మీద దిండ్లకు ఆని ఉన్నాడు. కూతురు గంజి తాగిస్తోంది. ఒక చుక్క గడ్డం మీదికి కారితే ఆయన సిగ్గుపడి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఒతోసె చాప మీద నుదురు ఆనించి నమస్కరించి, పుస్తకంలో ఆ పుట తెరిచి పక్కన పెట్టింది.

"అయ్యా, మీరు నన్నెక్కడ చూశారు?"

ఆయన పుట చూశాడు. ఒతోసెను చూశాడు. తర్వాత ఇసోకిచిని చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. ఇసోకిచి తల వంచుకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, చెప్పేస్తే బాగుండు అని కూడా అనిపించింది.

"నేనే... గీశాను," అన్నాడు గురువు. మాట ముద్దగా వచ్చింది.

"చూడకుండా ఎలా గీస్తారండీ?"

"పుస్తకం మీద... నా పేరు. ప్రతి గీతా... నాదే."

"అయితే తీసేయించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆయన దుప్పటి మీద చచ్చుపడి ఉన్న కుడిచేతిని కళ్లతో చూపించాడు. ఆమె పుస్తకం మూసింది. లేచేటప్పుడు ఇసోకిచి కూడా వంగి నమస్కరించాడు. అతని బొటనవేలి మీద ఉలి పట్టి కాసిన కాయను గురువు ఎడమచేత్తో ఒకసారి తడిమి వదిలేశాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తిరుగుదారిలో ఒతోసె ముందు నడిచి గుట్ట సగం దిగింది. తర్వాత అంది, "ఆ ముసలాయన అబద్ధమాడాడురా."

"ఎందుకు అలా అంటావు?"

"ఒక్క గంజిచుక్కకు సిగ్గుపడే మనిషి, ముక్కూముఖం తెలియని ఆడదాన్ని ఇలా వెక్కిరించడు. ఎవరినో వెనకేసుకొస్తున్నాడు."

"ఎవరిని?"

"నాకేం తెలుసు. ఆ పుస్తకాల వ్యాపారినేమో." గుట్ట మెట్లమీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంది. "ఈ వయసులో కొత్తచోట ఎవరు బట్టలిస్తారురా నాకు? ఆ బావి నీళ్ల ఉప్పు ఎంతో నా గంజికి తెలుసు. వేరే నీళ్లతో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. భయంగా ఉంది ఇసోకిచీ."

తన పేరు రానందుకు అతని గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రెండూ మోసుకుని ఇంటికొచ్చి పడ్డాడు.

ఆ తర్వాత సాయంత్రాలు అతను గోడ దగ్గరే గడిపాడు. సర్దుకుంటోందా? పెట్టె మూత చప్పుడా అది? తాడు బిగిస్తోందా? వినకుండా ఉండలేకపోయేవాడు. ఒకరోజు పొద్దు వాలుతుండగా అవతల చిన్న గంట మోగింది. మొగుడి పేరు రాసి పూజలో పెట్టుకున్న పలక ముందు ఆమె కూర్చుందన్నమాట.

"నేను ఎవరింటి మాటా ఎవరికీ చెప్పలేదు కదండీ," అంటోంది ఆమె, బతికున్న మనిషితో మాట్లాడినట్టే. "నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. పాపం ఆ ఇసోకిచి పెళ్లాం గురించి ఒకసారి అనరాని మాట అన్నాను. దానికి ఇది శిక్షేమో. కానీ చాడీలు చెప్పలేదు. మీకు తెలుసు. మీరైనా ఎవరికైనా చెప్పండి."

ఇసోకిచి ఇంకా గట్టిగా చెవి ఆనించాడు. మెడ పట్టేసింది. పట్టేసిన మెడను అటు తిప్పబోయి, అలాగే ఉండిపోయాడు. చెవి ఒక వైపు గోడకు, మెడ రెండో వైపు మెలితిరిగి, ఒళ్లంతా మట్టిగోడకు అప్పడంలా నొక్కుకుని ఉన్నాడు తను. రంకే గురువు ఒళ్లు సరిగ్గానే గీశాడు. ముఖం పెట్టడంలోనే తను తప్పాడు.

మర్నాడు తెల్లవారగానే జింబేయి దుకాణానికి పరిగెత్తాడు. లోపల రెండో ముద్రణకు పలకలు బయటికి తీసి పేర్చి ఉన్నాయి.

"గోడచెవి పలక ఒకసారి ఇవ్వండి. కంటి దగ్గర గీత సన్నగా ఉంది, చూడాలి."

"చూడు గాని ముఖం ముట్టుకోకు. ఆ పుట కోసమే జనం మళ్లీ అడుగుతున్నారు. కందాలో ఎక్కడో నిజంగానే పట్టుకున్నారట దాన్ని!" జింబేయి ముఖం వెలిగిపోతోంది.

ఇసోకిచి పలకను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో తన ఉలి తెలిసి ఒక్క గీతను విరవలేదు. వెడల్పు ఉలిని ఒతోసె ముక్కు మీద అడ్డంగా ఆనించి, అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. పెళుక్కుమంది.

"ఓరి నీ చేతులు విరిగిపోనూ!" జింబేయి ఎగిరి గంతేశాడు. "ఎల్లుండి అచ్చు వేసేవాళ్లు వస్తున్నారురా! తాగొచ్చావా ఏం?"

"చెయ్యి జారిందండీ. ఆ చోటు తవ్వి కొత్త చెక్క బిళ్ల బిగించి చెక్కి ఇస్తాను. రేపటికి తెస్తాను."

"అదే ముఖం రావాలి!"

"ముఖమే వస్తుంది," అన్నాడు ఇసోకిచి, పలక చంకన పెట్టుకుని.

ఇంటికొచ్చి ముఖం ఉన్న చోటును చదరంగా తవ్వాడు. ఎండిన చెర్రీ ముక్క కోసి, గాలి దూరకుండా బిగించి, నున్నగా చేశాడు. గీయడానికి, అతికించడానికి కాగితమూ లేదు, వ్యవధీ లేదు. గుమ్మంలో జిగురు చిప్ప కూడా లేదు. అది కనబడక చాలా రోజులైంది. భార్య కంచు అద్దాన్ని పులుపు పెట్టి తోమి గోడకు ఆనించాడు. అందులో కనిపించినవాడిని చూస్తూ తిన్నగా చెక్క మీదే ఉలి పెట్టాడు. దీపపు మసిలో చికిలించి చికిలించి చిన్నదైపోయిన ఒక కన్ను. పంటికింద ఉలి పట్టి పట్టి ఒక పక్కకు లాగేసిన నోరు. ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. నచ్చిన ముఖం కాదు. అయినా తొందరలో కూడా గీత తప్పలేదు. ఈ ముఖం చూడగానే వరసిళ్లు తనని పట్టేస్తాయి, ఒతోసె బతికిపోతుంది. అంతే అనుకున్నాడు.

మూడోరోజు అచ్చు వేసేవాడు తడి కాగితం ఎత్తి చూపించాడు. ఇసోకిచి దగ్గరికి వంగి చూశాడు. కాగితం మీద ఉన్నది తను కాదు. ఎవడో మనిషి. కన్ను చికిలించి, మూతి వంకర చేసి, దొంగచూపులు చూస్తున్న ఎవడో దారినపోయేవాడు. ఎక్కడో చూసినట్టే ఉంది, ఎక్కడో తెలియదు.

"ఆపండి! ఇది వద్దు!"

"నీకేమైనా మతిపోయిందా?" అని జింబేయి అతన్ని బయటికి గెంటాడు.

ఇంకో మనిషి గొంతు కోశాను అనుకున్నాడు ఇసోకిచి. నాలుగు రోజులు పేట పేటంతా తిరిగాడు. చేపల బజారులో, రేవులో, స్నానాల ఇంట్లో, ప్రతి మగవాడి ముఖంలోకీ తొంగి చూశాడు. ఆ వంకర మూతి వాడు దొరికితే ముందే కాళ్లమీద పడి హెచ్చరిద్దామని. టోఫూ అమ్మేవాడొకడు, "ఏం చూస్తున్నావురా, నీకేమైనా బాకీ ఉన్నానా?" అని బుట్ట దించి కొట్టడానికి వచ్చాడు. ఎవరూ దొరకలేదు. బోన్ పండుగ ముంగిట్లోకి వచ్చేసింది. ఒతోసె చెక్కలకు తాడు కట్టి గుమ్మం పక్కన నిలబెట్టేసింది.

ఆ ఉదయమే అద్దె పుస్తకాల మనిషి కొత్త ముద్రణ పట్టుకుని బావి దగ్గర మూట దించాడు. వాడపెద్ద గొహేయి, యసుకె, ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. ఒతోసె ఆఖరిసారిగా నీళ్లు తోడుకుంటోంది. ఇసోకిచి దూరంగా నిలబడ్డాడు.

పుట తెరిచారు. ఒకరి తర్వాత ఒకరు తలెత్తి ఇసోకిచి వైపు చూశారు.

"ఏంటి అందరూ అలా చూస్తారు?" అన్నాడతను. "ఎవరో మీకు తెలుసా అతను? చెప్పండి, నేను వెతుకుతున్నాను..."

ఒతోసె చేద దించి, పుస్తకం లాక్కుని చూసింది. ఇసోకిచిని చూసింది. మళ్లీ పుట చూసింది.

"ఎవరో తెలియదా నీకు?"

"తెలియదు పిన్నీ."

"నాకు తెలుసు. పదిహేనేళ్లుగా రోజూ పొద్దున్నే చూస్తున్న ముఖం. నువ్వేరా ఇది."

అప్పుడు తెలిసింది అతనికి. కాగితం బోర్లా అతికించి చెక్కినప్పుడు బొమ్మ దానంతటదే సరిగ్గా తిరుగుతుంది. ఈసారి కాగితం లేదు. అద్దంలో ఉన్నది ఉన్నట్టు చెక్కేశాడు. కొత్తగా పని నేర్చుకునేవాడు చేసే తప్పు. అచ్చులో అది తిరగబడింది, అద్దంలోని ముఖం కాస్తా ఎదుటివాళ్లు చూసే ముఖం అయిపోయింది. ఆ ముఖాన్ని ఇసోకిచి పుట్టాక ఒక్కసారి కూడా చూడలేదు. దొంగచూపుల ఆ దారినపోయేవాడు తనే.

"ఇల్లు మారింది!" అంది ఒక ఇల్లాలు, చేత్తో నోరు మూసుకుని. "ఆవిడని వదిలి ఇతన్ని పట్టుకుంది!"

"అది మారలేదు," అన్నాడు ఇసోకిచి. "ముందునుంచీ నేనే. మొదట ఒతోసె పిన్ని ముఖం చెక్కింది నేనే, కోపంతో. యసుకె అన్నా, నీ దోమతెర మాట స్నానాల ఇంట్లో చెప్పిందీ నేనే."

యసుకె రెండడుగులు ముందుకొచ్చాడు. గొహేయి మధ్యలోకి దూరి, చెమట తుడుచుకుంటూ, "అయితే... అయితే వెళ్లాల్సింది నువ్వన్నమాట," అన్నాడు. ఇసోకిచి తలూపాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి అతని ఒళ్లు కదలకుండా నిలబడింది.

"ఎక్కడికండీ పంపేది?" అంది ఒతోసె. అందరూ ఆమె వైపు తిరిగారు. ముక్కు మొదట్లో ముడత పడింది, పెదవి పైకి లేచింది, పన్ను కనిపించింది. "వీణ్ణి తరిమేస్తే అది ఈ గోడల్లో ఇంకొక ముఖం వెతుక్కుంటుంది. రేపు నీ ముఖం కావచ్చు గొహేయి గారూ. ఉండనివ్వండి. గోడకవతల నేనుంటాను కాపలా. తల్లీ, ఎవరైనా ఈ చెక్కలు విప్పడానికి ఒక చెయ్యి వేస్తారా?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత యసుకె వెళ్లి తాళ్లు విప్పాడు. ఇసోకిచిని మాత్రం కన్నెత్తి చూడలేదు.

బోన్ పండుగ వెళ్లింది. బావి దగ్గరికి ఇసోకిచి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. స్నానాల ఇంట్లో అతను దిగిన తొట్టిలోంచి జనం ఒక్కొక్కరే లేచిపోతున్నారు. ఒతోసె చెక్కల మీద నీలం, గోధుమరంగు ముక్కలు ఒకటొకటిగా మళ్లీ కనిపించసాగాయి. ఆమె అతనితో పలకలేదు. అతను ఉలి పట్టలేదు. పొద్దున్నే చప్పుడు చేసే ముఖం తనకు ఎక్కడుందని పలక ముందు ఊరికే కూర్చునేవాడు.

పదో రోజో పదకొండో రోజో, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే, గోడ మీద కుంచె కర్ర టకటకా కొట్టింది.

"ఏరా, చచ్చావా?"

"లేదు పిన్నీ."

"మరి చప్పుడేది?"

ఇసోకిచి లేచాడు. గోడ దగ్గరికి పోబోయి, గబుక్కున వెనక్కి జరిగి చాప మధ్యలో కూర్చున్నాడు.

"నిన్ను క్షమించాననుకోకు," అంది అవతలి గొంతు. "క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను. కానీ నువ్వు కొట్టకపోతే నాకు తెల్లవారినట్టు తెలియట్లేదు, గంజి అడుగంటుతోంది. కొట్టు."

అతను తలుపు తీశాడు. గుమ్మంలో జిగురు చిప్ప లేదు. తలుపు మూసి, సుత్తి అందుకుని, మొదటి దెబ్బ వేశాడు.